మాటా మూలం: సోలెడు తవుడుకి కొన్న పేరు

ప్రశ్న: నమస్తే మేడమ్. మాది సిద్దిపేట దగ్గర పల్లె. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. పోయిన నెల మాకు బాబు పుట్టాడు. మా తాత పేరు పెంటయ్య. ఆయన పేరే మనవడికి పెట్టాలని మా నాన్న పట్టుబట్టి కూర్చున్నారు. రేపు స్కూల్లో పిల్లలు ఏడిపిస్తారని నా భార్యకి టెన్షన్. నిజం చెప్పాలంటే చిన్నప్పుడు తాత పేరు చెప్పడానికి నాకూ నామోషీగానే ఉండేది. అసలు ఆ పేరుకి అర్థం ఏమిటి? దొరలు కింది కులాలవాళ్లని అవమానించడానికి పెట్టిన పేరని మా ఫ్రెండ్ ఒకడు అంటున్నాడు. నిజమేనా?
– ఒక పాఠకుడు, సిద్దిపేట జిల్లా

జవాబు: బాబూ, మీ ఉత్తరం చదివి వెంటనే జవాబు రాయలేకపోయాను. ఆ పేరున్న మనిషి మా ఇంట్లోనే ఉన్నాడు. మా పిన్ని కొడుకు, నాకు తమ్ముడు. వాడికి ఆ పేరు పెట్టిన రోజు నేను అక్కడే, పెరటి గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాను. ఆ సంగతి చెప్తాను గానీ, ముందు మాట గురించి నాలుగు ముక్కలు.

పెంట అంటే పశువుల పేడ, కొట్టంలో ఊడ్చిన కసవు, ఇంటి చెత్త అన్నీ కలిపి పోగేసిన కుప్ప. ఇప్పుడు మనం 'అంతా పెంట చేశావు' అని తిట్టడానికే ఆ మాట వాడుతున్నాం కాబట్టి వినగానే మొహం చిట్లిస్తాం. మీ తాతగారి రోజుల్లో పెంట రైతు ఇంటి ఆస్తి. మీ వైపు ఇప్పటికీ ఎండాకాలంలో 'చేనుకు పెంట తోలినం' అనే అంటారు. బండ్ల కొద్దీ తోలితేనే ఆ ఏడు పంట. మా విజయనగరం వైపు దాన్నే గత్తం అంటాం. ఇక భారతంలో, అనుశాసన పర్వంలో, లక్ష్మీదేవి ఆవుల దగ్గరికి వెళ్లి మీలో చోటివ్వమని అడిగితే అవి తమ పేడలో ఉండమన్నాయని ఒక కథ ఉంది. సంక్రాంతికి ముగ్గు మధ్య గొబ్బెమ్మ పెట్టి, దాని నెత్తిన గుమ్మడి పువ్వు గుచ్చే మనకి ఆ కథ కొత్తగా అనిపించదు. నల్లమల అడవిలో చెంచులుండే చిన్న చిన్న గూడేలనీ పెంటలనే పిలుస్తారు. వినడానికి ఒకే మాట. 

కానీ మీ తాతగారికి ఆ పేరు ఎరువు గొప్పతనం చూసి పెట్టలేదు. మీ నాన్నగారిని ఒక్క ప్రశ్న అడగండి: తాతకి ముందు పుట్టిన పిల్లలు ఎంతమంది పోయారు? జవాబు 'ఒక్కరూ లేరు' అని వస్తే నాకు ఆశ్చర్యమే.

ఇప్పుడు మా పిన్ని సంగతి. 1962. నాకు ఎనిమిదేళ్లు. బొబ్బిలి దగ్గర మా అమ్మమ్మ వాళ్ల ఊరు. పిన్నికి అప్పటికే ఇద్దరు మగపిల్లలు పుట్టి పోయారు. మొదటివాడు తొమ్మిదో రోజున, రెండోవాడు ఆరో రోజున. ఇద్దరిదీ ఒకటే వరస. బాగా ఏడ్చిన బిడ్డ ఉన్నట్టుండి పాలు పట్టడం మానేశాడు, దవడలు బిగుసుకున్నాయి, ఒళ్లు విల్లులా వంగిపోయింది. గాలి సోకిందన్నారు, దిష్టి అన్నారు, పిన్ని జాతకం మంచిది కాదన్నవాళ్లూ ఉన్నారు. మూడోసారి పురుడు వచ్చేసరికి ఆవిడ ఎవరితోనూ మాట్లాడటం మానేసింది.

మూడోవాడు పుట్టిన మర్నాడు పొద్దున్నే మంత్రసాని వచ్చింది. వాణ్ణి పాత గుడ్డలో చుట్టి చాటలో పెట్టుకుంది. కొత్త గుడ్డ వద్దంది. పెరట్లోంచి పశువుల కొట్టం పక్కకి తీసుకెళ్లి పెంటకుప్ప మీద దించింది. దించి, వెనక్కి తిరిగి చూడకుండా నూతి వైపు వెళ్లిపోయింది. అమ్మమ్మ నా భుజం గట్టిగా పట్టుకుంది, పరిగెత్తుతానేమోనని. చలికాలం. కుప్ప మీంచి ఆవిరి లేస్తోంది. వాడు గుక్కపెట్టి ఏడుస్తున్నాడు. లోపల పిన్ని నోట్లో కొంగు కుక్కుకుంది.

కాసేపటికి పక్కింటి ఆవిడ ఏమీ ఎరగనట్టు అటువైపు వచ్చింది. చాట ఎత్తుకుంది. తిన్నగా మా వీధి గుమ్మంలోకి వచ్చి గట్టిగా అరిచింది: 'ఓలమ్మా, పెంట మీద గుంటడు దొరికినాడు, కొనుక్కుంటావేటి?'

పిన్నే రావాలి. వచ్చింది. గోడ పట్టుకుని వచ్చింది.

'ఏటిమ్మంటావు?'

'ఏటుందీడి దగ్గర, సోలెడు తౌడియ్యి.'

గేదెకి పెట్టే తవుడు గోలెంలో ఉంది. పిన్ని సోల ముంచి తీసింది. చెయ్యి వణికి అది శిఖగా, అంచు దాటి కుప్పగా వచ్చింది. పక్కింటావిడ ముందుకి వంగి, అరచేత్తో ఆ శిఖని గోలెంలోకి నెట్టేసి, గొంతు తగ్గించి అంది: 'ఎక్కువ పొయ్యకు తల్లీ. ఖరీదైనోడనుకుంటారు.'

ఎవరు అనుకుంటారు? ఆవిడ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. అరవై ఏళ్లు దాటింది, ఆ మాట నా చెవిలో అలాగే ఉంది. ఆ గుమ్మంలో ఉన్న ఆడవాళ్లందరికీ తెలుసు, ఇంట్లో ఇంకెవరో కనపడకుండా నిలబడి చూస్తున్నారని. రెండుసార్లు వచ్చి తీసుకుపోయినవాళ్లే. వాళ్ల కంటికి ఈ బిడ్డ చెత్తలో దొరికినవాడుగా కనిపించాలి. కన్నతల్లి కూడా పరాయి బిడ్డని కొనుక్కున్నట్టు కొనుక్కోవాలి. సంతోషం మొహంలోకి రానివ్వకూడదు. పేరు కూడా ఎవరూ ఆశపడని పేరై ఉండాలి. అలా వాడు పెంటయ్య అయ్యాడు.

అందుకే చెప్తున్నాను, పెంటయ్య అంటే ఎవరికీ అక్కర్లేని బిడ్డ కాదు. ఆ ఇంట్లో అంతకంటే కావలసిన బిడ్డ ఇంకొకరు లేరు. ఉంటే ఆ పేరు పెట్టరు. మొదటి కాన్పులోనే ఆరోగ్యంగా పుట్టినవాడికి రామయ్య అనో వెంకయ్య అనో హాయిగా పెట్టుకుంటారు.

పెంటయ్య లాంటి పేర్లు ఇంకా చాలా ఉన్నాయి. తవుడుకి కొన్నవాడు తవిటయ్య, తవిటినాయుడు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఏ ఓటర్ల జాబితా తీసినా కనిపిస్తారు. భోజనాలయ్యాక ఎత్తేసిన ఎంగిలి విస్తళ్లని పుల్లి విస్తళ్లు అంటారు. వాటి మీద దొర్లించిన బిడ్డ పుల్లయ్య. 'పుల్లయ్య వేమవరం వెళ్లొచ్చినట్టు' అనే సామెత ఊరూరా తెలుసు, పేరు ఎక్కడిదో మాత్రం మర్చిపోయాం. తెలుగు సినిమాకి తొలినాళ్లలో దారి వేసిన దర్శకుల్లో ఇద్దరు పుల్లయ్యలే: సి. పుల్లయ్య, పి. పుల్లయ్య. కన్నడంలో పెంటకుప్పని తిప్పె అంటారు. తిప్పయ్య, తిప్పన్న, తిప్పేస్వామి అనే పేర్లు అనంతపురం, కర్నూలు, బళ్లారి వైపు ఎక్కువ. చిత్రదుర్గ జిల్లా నాయకనహట్టిలో తిప్పేరుద్రస్వామి గుడి ఉంది కాబట్టి ఆయన మీద భక్తితో పెట్టుకున్నవాళ్లూ ఉంటారు. తమిళంలో చెత్త కుప్పై. కుప్పన్, కుప్పుస్వామి పేర్లు అక్కడివి.

మన దేశంతో ఆగిపోలేదు. గ్రీకులు పాలించిన ఈజిప్టులో, ఆ తర్వాత రోమన్ల కాలంలోనూ, అక్కడి పాత పత్రాల్లో కోప్రియస్ అనే పేరు కనిపిస్తుంది. గ్రీకులో కోప్రోస్ అంటే పేడ. కుప్పల మీద వదిలేస్తే ఎవరో తెచ్చి పెంచుకున్న పిల్లల పేర్లతో దాన్ని ముడిపెడతారు పండితులు. చైనా పల్లెల్లో గౌషెంగ్ అనే ముద్దుపేరు ఉంది. కుక్క తినగా మిగిలినవాడు అని అర్థం. మన పుల్లయ్యకి అన్నదమ్ముడే. ఒకరి ఊరు ఒకరు ఎరగని తల్లులు ఒకే ఉపాయం పన్నారంటే భయం అందరిదీ ఒకటే అయివుండాలి.

ఇక మీ స్నేహితుడి మాట. కొంత నిజం ఉంది, అందుకని కొట్టిపారెయ్యను. పెంటయ్యని 'పెంటిగా' అని, మల్లయ్యని 'మల్లిగా' అని దొరలు పిలిచిన రోజులు మీ తాతగారు చూసే ఉంటారు. ఆ 'గా' దొర పెట్టింది. పేరు దొర పెట్టింది కాదు, తల్లి పెట్టింది. ఈ తరహా పేర్లు ఒక్క కులానికి పరిమితమూ కాదు. పుల్లయ్యలు, పిచ్చయ్యలు బ్రాహ్మణుల ఇళ్లలో కూడా ఉన్నారు. శ్రీనాథుడు హరవిలాసం కావ్యాన్ని అంకితమిచ్చింది అవచి తిప్పయ్య సెట్టికి. సముద్రాల మీద వ్యాపారం చేసిన మహా శ్రీమంతుడాయన. ఆయన పేరు వెనక ఏ కథ ఉందో ఎవరు చెప్పగలరు, కానీ తిప్పయ్య అనిపించుకోవడానికి అంతటివాడూ నామోషీ పడలేదు.

ఒక మాట రాయాలా వద్దా అని ఆలోచించి, రాస్తున్నాను. మా పిన్ని బిడ్డలిద్దర్నీ తీసుకుపోయింది దయ్యమూ కాదు, దిష్టీ కాదు. పురిటి ధనుర్వాతం. బొడ్డు కొడవలితో కోసేవారు, పుండు మానాలని దాని మీద పేడ బూడిద అద్దేవారు. ఆ జబ్బు తెచ్చే క్రిమి మట్టిలోనూ పశువుల పేడలోనూ ఉంటుంది. అంటే, ఏ కుప్ప మీద పెడితే బిడ్డ దక్కుతాడని నమ్మారో ఆ కుప్పలోనే ఆపద కాచుకుని ఉంది. నాకు ఈ సంగతి తెలిసేసరికి పిన్ని లేదు. ఉన్నా ఆవిడకి చెప్పేదాన్ని కాదు. మా తమ్ముడు బతకడానికి కారణం ఏమైవుంటుందా అని చాలాసార్లు ఆలోచించాను. మూడో పురుటికి మా తాతయ్య పట్నం నుంచి కొత్త బ్లేడు తెచ్చి ఇచ్చాడని అమ్మ చెప్పేది. పిన్ని మాత్రం కడదాకా సోలెడు తవుడే కాపాడిందనుకుంది.

1971లో మన దేశంలో పుట్టిన ప్రతి వెయ్యి మంది పిల్లల్లో 129 మంది ఏడాది నిండకుండానే పోయేవారు. 2020 నాటికి ఆ లెక్క 28కి వచ్చింది. మీ తెలంగాణలో 21, మా ఆంధ్రాలో 24. గర్భిణికి వేసే ధనుర్వాతం టీకా, ఆసుపత్రి కాన్పు, శుభ్రమైన బ్లేడు ఈ మార్పులో పాలు పంచుకున్నాయి. తల్లుల్లో, పసిబిడ్డల్లో ధనుర్వాతాన్ని ఒక ప్రజారోగ్య సమస్యగా భారతదేశం దాటేసిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ప్రకటించింది. ఆ వార్త పేపర్లో ఒక మూల చిన్నగా వచ్చింది. నేను కత్తిరించి దాచుకున్నాను. కొత్తగా పెంటయ్యలు పుట్టకపోవడానికి ఫ్యాషన్ ఒక్కటే కారణం కాదు. ఆ పేరు అవసరం తగ్గిపోయింది.

మీ ఇంటి తగువు దగ్గరికి వస్తాను. మీ భార్య భయం సబబే. మా తమ్ముడు హైస్కూల్లో చేరిన రోజున పేర్లు పిలిచిన మాస్టారు వాడి పేరు దగ్గర ఆగి, క్లాసంతా నవ్వేదాకా రెండోసారి, మూడోసారి పిలిచాడు. వాడు ఆ వారమంతా బడికి వెళ్లనని మారాం చేశాడు. నేనూ తర్వాత ముప్పై ఏళ్లకి పైగా పాఠాలు చెప్పాను, హాజరు పిలిచేటప్పుడు ఏ పేరు దగ్గరా నా గొంతు మారకూడదని ఆ రోజు నుంచే పట్టుదల. కానీ అందరు టీచర్లూ అలా ఉంటారని నేను హామీ ఇవ్వలేను. ఉద్యోగంలో చేరాక, గెజెట్‌లో పేరు మార్చుకోమని మా తమ్ముడికి ఎంతమందో చెప్పారు. ఒకసారి కాగితాలు కూడా తెచ్చుకున్నాడు. సంతకం పెట్టే ముందు పిన్నికి చెప్పడానికి వెళ్లాడు. ఆవిడ ఏమీ అనలేదట. 'నీ ఇష్టం బాబూ' అని లేచి, గేదెకి తవుడు కలపడానికి వెళ్లిపోయిందట. వాడు కాగితాలు చింపేశాడు. పెంటయ్యగానే రిటైరయ్యాడు.

అది వాడు పెద్దయ్యాక తనకి తానుగా తీసుకున్న నిర్ణయం. మీ బాబుకి ఇంకా ఆ వీలు లేదు. అందుకని బడి పేరుగా పెంటయ్య వద్దనే నేనంటాను. ఆ పేరు చావు నుంచి దాచడానికి పెట్టింది. మీ బాబు టీకాలు వేయించుకుంటున్న బిడ్డ, వాణ్ణి ఎవరి నుంచీ దాచక్కర్లేదు.

అయితే తాత పేరు పోనివ్వకండి. మీ వైపు తొట్టెల అంటారు కదా, మేము బారసాల అంటాం. పళ్లెంలో బియ్యం పోసి బంగారు ఉంగరంతో పేరు రాస్తారు. ఒక్క పేరే రాయాలని ఎక్కడా లేదు. ఇలవేల్పు పేరు, నక్షత్రం పేరు, పెద్దల పేరు వరసగా రాయడం ఉంది. మీరు పెట్టుకున్న పేరు రాశాక, దాని కింద పెంటయ్య అని మీ నాన్నగారి చేత రాయించండి. వాడి చెవిలో ఆయన చేతే చెప్పించండి. ఆ కార్యక్రమం అప్పటికే అయిపోయి ఉంటే అన్నప్రాశన రోజు చేయండి, ఏం ఫర్వాలేదు. సర్టిఫికెట్‌లో ఇంటిపేరుకీ అసలు పేరుకీ మధ్య 'పి.' అని ఒక అక్షరం పెట్టుకున్నా బాగుంటుంది. ఆ 'పి' ఏమిటని వాడు అడిగే రోజు వస్తుంది. చెప్పడానికి మీ దగ్గర కథ సిద్ధంగా ఉండాలి. మీ నాన్నగారిని కూర్చోబెట్టి ఈ వారమే అడగండి: తాతని పెంట మీంచి ఎత్తుకున్నది ఎవరు, ఎంతకి అమ్మారు? నూకలా, తవుడా, జొన్నలా? ఊళ్లో ఎనభై దాటిన ఆడవాళ్లు ఉంటే వాళ్లని కూడా అడగండి. మగవాళ్లకి ఇవి సరిగా తెలియవు.

ప్రశ్న: మాది అనకాపల్లి. మా నాన్నగారు నూకరాజు. నూకల వల్ల వచ్చిన పేరా, నూకాలమ్మ వల్ల వచ్చిందా?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, అనకాపల్లి అన్నారు కాబట్టి నా ఓటు నూకాలమ్మకే. ఉగాది ముందు రోజు కొత్త అమావాస్యకి ఆ తల్లి జాతర ఎలా జరుగుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. మొక్కుకుంటే పుట్టిన పిల్లలకి నూకరాజు, నూకరత్నం అని పెట్టడం మీ ప్రాంతమంతా ఉంది. కానీ నూకలు పోసి కొన్న నూకయ్యలు కూడా వేరే ఉన్నారు. మీ నాన్నగారికి ముందు అన్నలో అక్కలో పోయివుంటే రెండూ కలిసి ఉండవచ్చు: నూకలు పోసి కొని, అమ్మవారికి అప్పజెప్పడం.

నూకల మాట వచ్చింది కనుక ఒక పేరు తలచుకోవాలి. బెంగాల్‌లో నూకల్ని ఖుద్ అంటారు. మిడ్నపూర్‌లో ఒక తల్లికి ఇద్దరు కొడుకులు పుట్టి పోయాక, 1889 డిసెంబర్ 3న ఇంకో కొడుకు పుట్టాడు. దక్కాలని వాణ్ణి పెద్దక్కకి మూడు గుప్పిళ్ల ఖుద్‌కి అమ్మేశారు. అందుకని ఖుదీరామ్ అని పేరు పెట్టారు. స్వాతంత్ర్య పోరాటంలో దిగిన ఆ ఖుదీరామ్ బోసునే బ్రిటిష్ వాళ్లు 1908 ఆగస్టు 11న ముజఫర్‌పూర్ జైల్లో ఉరితీశారు. అప్పటికి ఆయనకి పద్దెనిమిదేళ్లు. మన నూకయ్య, వాళ్ల ఖుదీరామ్ ఒకే పేరు. ఈ ముక్క పాఠ్యపుస్తకాల్లో ఉండి ఉంటే మా పిల్లల్లో కొందరు హాజరు పలికేటప్పుడు తల దించుకునేవారు కాదు.

ప్రశ్న: మా మామగారి పేరు పిచ్చయ్య. మా పాప 'తాతకి పిచ్చా?' అని అడిగింది. ఏం చెప్పాలి?
– ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: కాదని ధైర్యంగా చెప్పండి. సంస్కృతంలో భిక్ష అన్న మాట తెలుగులో బిచ్చం అయింది, తమిళంలో పిచ్చై అయింది. గూగుల్ సంస్థని నడిపే సుందర్ పిచాయ్ పేరులో ఉన్నది ఆ పిచ్చైయే. మన పిచ్చయ్యలు చాలామంది ఆ దారిన వచ్చినవాళ్లే. తెలంగాణలో భిక్షపతి, భిక్షమయ్య అన్నా అదే. పిల్లలు దక్కని తల్లి కొంగు పట్టి ఇంటింటా బిచ్చమెత్తి, ఆ గింజలతో బిడ్డకి ఏదో ఒకటి చేయించేది, లేదా దేవుడు పెట్టిన భిక్ష అనుకునేది. బాల్ బ్యాడ్మింటన్‌లో అర్జున అవార్డు తెచ్చుకున్న జమ్మలమడక పిచ్చయ్య గారి పేరు కూడా పాపకి చెప్పండి. ఆటలంటే ఇష్టమున్న పిల్ల అయితే అదే గుర్తుంచుకుంటుంది.